స్వాతంత్ర్యోద్యమంలో వంకాయ పాత్ర

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు ఉదయం, జమ్మివలస ప్రాథమిక పాఠశాలకు రెండో టర్ము కోసం వంకాయ వచ్చింది.

కూరకు కాదు. చదువుకి.

ఆ సంగతి ముందుగా తెలిసింది హెడ్మాస్టరు తవిటినాయుడు గారికి. ఆయన రిటైర్మెంటుకి ఇంకా ఏడాదిన్నర ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఏ సర్క్యులర్‌కీ ఆయన ఎదురు చెప్పలేదు. అర్థమైనవాటిని అమలు చేశాడు, అర్థం కానివాటిని మరింత శ్రద్ధగా అమలు చేశాడు. ఆ రోజు వచ్చినదాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, ఐదో తరగతి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మంగవేణమ్మా, ఒకసారి ఇలా వస్తావా? మనకి వంకాయ పడింది."

మంగవేణి టీచరు చేతిలో సుద్దముక్క ఉంది. బోర్డు మీద భిన్నాల లెక్క సగం వరకు వచ్చింది. "మధ్యాహ్న భోజనంలోకా అండీ?" అంది.

"కాదమ్మా. అన్ని సబ్జెక్టుల్లోకీ."

సర్క్యులర్ నాలుగు పేజీలు ఉంది. అందులో సారం ఇది: "విద్యార్థి యొక్క జ్ఞానము తెలుగు, ఇంగ్లీషు, గణితము, పరిసరాల విజ్ఞానము అను నాలుగు ముక్కలుగా చెదిరిపోవుచున్నట్లు గమనించడమైనది. కావున ఈ టర్ము నుండి ప్రతి పాఠశాలకు ఒకే ఒక్క అంశము కంప్యూటరు ద్వారా కేటాయించబడును. నాలుగు, ఐదు తరగతుల సమస్త బోధన సదరు అంశము ద్వారా మాత్రమే జరుగవలెను. సదరు అంశముతో సంబంధము లేని జ్ఞానము విద్యార్థుల వద్ద కనుగొనబడినచో సంబంధిత ఉపాధ్యాయులు బాధ్యులగుదురు."

దీని పేరు ఏకాంశ బోధన. పక్క ఊరి బడికి గొడుగు వచ్చింది. మండల కేంద్రంలోని పెద్ద బడికి సముద్రం వచ్చింది. కొండ కింది చిన్న బడికి 'నిశ్శబ్దం' వచ్చిందనీ, మండలం మొత్తం మీద ఆ మాస్టారు ఒక్కడే సంతోషంగా ఉన్నాడనీ చెప్పుకున్నారు.

"సముద్రం వచ్చినవాళ్ళు అదృష్టవంతులమ్మా. ఎంతైనా చెప్పుకోవచ్చు," అన్నాడు తవిటినాయుడు. "వంకాయ చూడు, గుప్పెడంత ఉంటుంది. అందులోంచి ఐదు నెలల చదువు తియ్యాలి."

మంగవేణికి నలభై రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఐదో తరగతే చెబుతోంది. ఐదో తరగతి అయ్యాక పిల్లలు ఊరు దాటి వేరే బడికి వెళతారు. అక్కడి మాస్టార్లు "మీకు ఇంతవరకు ఎవరు చెప్పారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ళు ఏ గొంతుతో అడుగుతారన్నదే ఆమెకు ముఖ్యం. ఏటా ఎండాకాలం సెలవులకి ముందు పంతొమ్మిది మందో ఇరవై మందో పిల్లల్ని నిలబెట్టి, వీళ్ళకి భాగహారం వచ్చు, వీళ్ళకి ఉత్తరం రాయడం వచ్చు, వీళ్ళకి పటంలో మన జిల్లా చూపించడం వచ్చు అని మనసులో లెక్క చూసుకుంటుంది. ఇప్పుడు ఆ లెక్కంతా వంకాయలోంచి రావాలి.

మండల కేంద్రంలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. శిక్షణ ఇచ్చింది జిల్లా ఏకాంశ బోధనా సమన్వయాధికారి చిదానందం గారు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, మాట్లాడుతున్నంతసేపూ సగం మూసుకుని ఉండే కళ్ళు. ఆయన ఏనాడూ తరగతి గదిలో పాఠం చెప్పలేదని కొందరు అనేవారు. అది ఆయన దగ్గరికి వస్తే, అందుకే తన దృష్టి నిర్మలంగా ఉందని జవాబిచ్చేవాడు.

"జ్ఞానం అఖండం!" అంటూ మొదలుపెట్టాడాయన. "దాన్ని ఖండఖండాలుగా నరికింది ఎవరు? టైంటేబులు! మనం దాన్ని మళ్ళీ అతకబోతున్నాం. గురువులారా, ఒక్క అంశాన్ని లోతుగా చూడండి. అందులో లెక్క ఉంది. భాష ఉంది. చరిత్ర ఉంది. లేదు అనిపించిందా? అది అంశంలోని లోపం కాదు, మీలోని లోపం."

మంగవేణి లేచి నిలబడింది. ఆమెకు గొడవ పెట్టుకునే అలవాటు లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"సార్, మాకు వంకాయ వచ్చింది. లెక్కలు ఎలాగో చెప్పేస్తాం. ఈ టర్ములో పరిసరాల విజ్ఞానంలో స్వాతంత్ర్యోద్యమం పాఠం ఉందండి. వంకాయకీ దానికీ ఏ సంబంధమూ లేదు కదండీ."

చిదానందం గారు కళ్ళు పూర్తిగా తెరిచాడు.

"సంబంధం లేకపోవడం అంటూ ఉండదమ్మా. సంబంధం గుర్తింపబడకపోవడం మాత్రమే ఉంటుంది. ఆ రోజుల్లో ఉద్యమకారులు భోజనం చేశారా, లేదా?"

"చేసే ఉంటారండి."

"కూరతో చేశారా?"

"... చేసే ఉంటారు."

"మరి?" అని ఆయన చేతులు రెండూ చాపాడు. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళకి కొట్టక తప్పలేదు.

శిక్షణ నుంచి వచ్చాక తల్లిదండ్రులకి కరపత్రం పంపమన్నారు. పైన 'ఈ టర్ములో మీ బిడ్డ ఏం నేర్చుకుంటుంది?' అని అచ్చయి వచ్చింది. కింద ఖాళీలు టీచర్లు నింపాలి. మంగవేణి రెండు రోజులు కూర్చుని నింపింది. తెలుగులో వంకాయ ఆత్మకథ, వంకాయ తన స్నేహితుడికి రాసిన లేఖ. ఇంగ్లీషులో వంకాయ గురించి పది వాక్యాలు. లెక్కల్లో వంకాయ చుట్టుకొలత, వంకాయల సగటు బరువు, పుచ్చు వంకాయల భిన్నం. పరిసరాల విజ్ఞానంలో వంకాయ జీవితచక్రం, వంకాయ దృష్టిలో సౌరకుటుంబం, స్వాతంత్ర్యోద్యమంలో వంకాయ పాత్ర. ఆటల్లో చెంచాలో వంకాయ పెట్టుకుని పరుగు. ఆ ఒక్కటి మాత్రం పిల్లలకి నచ్చుతుందని ఆమెకు అనిపించింది.

మర్నాడు ఉదయం ప్రార్థన ఇంకా అవకముందే, ఒక చేత కరపత్రం, ఇంకో చేత కూతుర్ని పట్టుకుని అప్పలసూరి బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

అప్పలసూరి కూరగాయల రైతు. కూతురి పేరు ఢిల్లీశ్వరి. పదేళ్ళ పిల్ల, సన్నగా ఉంటుంది. మాట మాత్రం సన్నగా ఉండదు. తరగతిలో అందరికంటే ముందు లెక్క చేసి, పక్కవాళ్ళది తప్పయితే ఊరుకోలేక చెప్పేస్తుంది. నిరుడు అప్పలసూరి ఆ పిల్లని చదువు మాన్పించి తోట పనికి పెట్టుకుంటానంటే, మంగవేణి మూడుసార్లు తోటకి నడిచి వెళ్ళి, గట్టు మీద కూర్చుని బతిమాలి, మళ్ళీ బడికి తెచ్చుకుంది.

"మేడం గారూ, ఇదేటండి?" అన్నాడు కరపత్రం చూపించి. గొంతులో కోపం లేదు. ఉంటే నయమనిపించింది మంగవేణికి.

"ఈ టర్ములో నేర్పేవండి, అప్పలసూరి గారూ."

"మా గుంట చేత సదివించినాను. లెక్కల్లోనూ వంకాయే. తెలుగులోనూ వంకాయే. ఇంగిలీసులో పేరు మార్సినారు గాని అదీ వంకాయే. నాను పుట్టినకాడి నుంచీ వంకాయ తోటలోనే ఉన్నాను. దీనికి బడెందుకండి? పుచ్చేదో, లేతదేదో నానే నేర్పుతాను. కావలిస్తే మిగతా పిల్లల్ని కూడా అంపండి."

"పైనుంచి వచ్చిన ఆర్డరండి అది..."

"మీరు మా గట్టు మీద కూకుని ఏటన్నారు? సదువుకుంటే తోట దాటి సూస్తాదన్నారు. ఇప్పుడు బడే మా తోటలోకి వొచ్చేసింది గదా." అప్పలసూరి కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కోతలున్నాయి. రేపట్నుంచి పిల్ల రాదు."

ఢిల్లీశ్వరి ఏమీ అనలేదు. టీచరు మొహంలోకే చూస్తూ నిలబడింది. ఎప్పుడూ ఊరుకోని పిల్ల అలా ఊరుకోవడం మంగవేణి తట్టుకోలేకపోయింది.

"ఫిబ్రవరిలో గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష ఉంది," అంది గబగబా. "సీటొస్తే ఆరో తరగతి నుంచి అక్కడే ఉండి చదువుకుంటుంది. ఆ పరీక్షలో వంకాయ ఉండదు. దానికి నేను తయారు చేస్తాను. అప్పటిదాకా ఆగండి. సీటు రాకపోతే మీ ఇష్టం, మళ్ళీ గట్టెక్కి బతిమాలను."

"వంకాయలు కాకుండా నేర్పుతారా?"

మంగవేణి అటూ ఇటూ చూసింది. "నేర్పుతాను."

ఆ విధంగా జమ్మివలసలో చదువు దొంగచాటు పని అయింది.

పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా తరగతిలో వంకాయ నడిచేది. గోడల నిండా ఊదారంగు కాగితాలు. పిల్లలు 'నేను ఒక వంకాయను' అని మొదలుపెట్టి నోటుపుస్తకాలు నింపేవారు. మధ్యాహ్న భోజనం అయ్యాక, పళ్ళేలు కడుక్కుని, వంటపాక వెనక అరుగు మీద చేరేవారు. అక్కడ నలభై నిమిషాలు మామూలు చదువు. వంట చేసే గున్నమ్మ పాక ముందు పీట వేసుకుని కూర్చునేది. రోడ్డు మీద కొత్త మోటారు సైకిలు కనబడితే గరిటెతో గుండిగ మీద రెండు దెబ్బలు కొట్టేది. ఆ చప్పుడుకి పలకలు తుడిచేసి, పిల్లలంతా తలో వంకాయా చేతిలోకి తీసుకునేవారు.

ఆ చదువుకి పిల్లలే పేరు పెట్టుకున్నారు. 'ఒట్టి లెక్కలు.' ఏమీ కలపని లెక్కలు అని. తరవాత ఒట్టి తెలుగు, ఒట్టి ఇంగ్లీషు కూడా వచ్చి చేరాయి.

పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చూడని వింత అప్పుడు చూసింది మంగవేణి. భాగహారం అంటే కడుపు నొప్పి తెచ్చుకునే పిల్లలు, అది చెప్పకూడనిదని తెలిసేసరికి ఎగబడి నేర్చుకోసాగారు. ఇద్దరు ఆడపిల్లలు భారతదేశ పటాన్ని గౌను జేబులో దాచుకుని ఇంటికి పట్టుకెళ్ళారు. ఎనిమిదో ఎక్కం చెప్పుకుంటూ దొరికిపోయిన వాడొకడు, "వంకాయల గురించే మాట్లాడుకుంటున్నాం సార్," అని తవిటినాయుడు గారి దగ్గర అబద్ధమాడాడు.

తవిటినాయుడు గారికి అనుమానం వచ్చింది. ఒక మధ్యాహ్నం పాక వెనక్కి వచ్చాడు. గున్నమ్మ గరిటె ఎత్తింది గాని, సొంత హెడ్మాస్టరుకి కొట్టాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయింది. అరుగు మీద పంతొమ్మిది మంది పిల్లలు, గోడ మీద బొగ్గుతో రాసిన లెక్కలు, చేతులకి మసితో మంగవేణి. ఆయన చాలాసేపు ఆ గోడ వైపు చూశాడు.

"నేనేమీ చూడలేదు, మంగవేణమ్మా," అన్నాడు చివరికి. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి ఆగాడు. "చూడలేదు గాని, ఆ మూడో లెక్కలో ఆరుకీ ఎనిమిదికీ క.సా.గు. పన్నెండు కాదు. ఇరవై నాలుగు."

డిసెంబరులో టర్ము పరీక్ష వచ్చింది. ప్రశ్నపత్రం జిల్లా నుంచే వచ్చింది. అందులో ఆరో ప్రశ్న: 'స్వాతంత్ర్యోద్యమంలో వంకాయ పాత్రను ఐదు వాక్యాలలో వివరించుము.' జవాబు ఎలా ఉండాలో మంగవేణి ముందే రాయించి బట్టీ పట్టించింది. పద్దెనిమిది మంది బట్టీ పట్టినట్టే రాశారు. ఢిల్లీశ్వరి ఇలా రాసింది:

'స్వాతంత్ర్యోద్యమంలో వంకాయ ఏ పాత్రా పోషించలేదు. జైలుకు వెళ్ళింది మనుషులు. లాఠీ దెబ్బలు తిన్నది మనుషులు. వంకాయను మనుషులు తిన్నారు. ఇవి ఐదు వాక్యాలు.'

దిద్దుబాటు జిల్లాలో జరిగింది. ఆ పేపరు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి, అక్కడి నుంచి చిదానందం గారి బల్ల మీదికి చేరింది. సంక్రాంతి అయిన వారానికి గున్నమ్మ గరిటె దెబ్బలు వినిపించాయి. ఈసారి రెండు కాదు, ఆగకుండా వినిపించాయి. వచ్చింది జీపు.

చిదానందం గారు ఐదో తరగతిలోకి అడుగుపెట్టి, ఊదారంగు గోడల్ని చూసి కొంచెం మెత్తబడ్డాడు. తవిటినాయుడు గారు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. పిల్లలు లేచి నిలబడి వంకాయ పాట పాడారు. పాట అయ్యాక ఆయన జేబులోంచి కాగితం తీసి, "ఢిల్లీశ్వరి ఎవరు?" అన్నాడు.

ఆ పిల్ల చెయ్యెత్తింది.

"భయపడకమ్మా. చిన్న ప్రశ్న. ఏడు ఎనిమిదులు ఎంత?"

"యాభయ్యారండి."

చిదానందం గారు తల ఊపి, మిగతా జవాబు కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"యాభై ఆరు... ఏమిటి?"

"ఏటీ లేదండి. ఒట్టి యాభయ్యారు."

"ఏమీ లేకుండా యాభై ఆరు ఎలా ఉంటుందమ్మా? గాలిలో నిలబడుతుందా?"

ఢిల్లీశ్వరి టీచరు వైపు చూసింది. మంగవేణి కళ్ళతోనే వద్దని చెప్పింది. కానీ తప్పు విని ఊరుకోవడం ఆ పిల్ల వల్ల కాదు.

"నిలబడతాదండి. వంకాయలైనా యాభయ్యారే, వంకాయలు లేకపోయినా యాభయ్యారే. మీరిక్కడున్నా యాభయ్యారే. మీరెల్లిపోయినాక కూడా యాభయ్యారేనండి."

చిదానందం గారు నల్లకలం తీసి, మూత జాగ్రత్తగా వెనక తగిలించి, నిలబడే రెండు పేజీలు రాశాడు.

మెమో మూడో రోజుకే వచ్చింది. 'విద్యార్థిని వద్ద అంశరహిత జ్ఞానము గణనీయమైన పరిమాణములో కనుగొనబడినది. ఇట్టి జ్ఞానము ఎచ్చటి నుండి, ఎవరి ద్వారా చేరినదో పదిహేను రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను. సంతృప్తికరముగా లేనియెడల సస్పెన్షను ఉత్తర్వులు వెలువడును.'

తవిటినాయుడు గారు మంగవేణిని గదిలో కూర్చోబెట్టి, గున్నమ్మ చేత టీ తెప్పించాడు.

"ఒక దారుందమ్మా. వంకాయల ద్వారానే నేర్పాను, పిల్ల మందబుద్ధి, వంకాయలు అనడం మర్చిపోయింది అని రాసెయ్. వాళ్ళకీ అదే కావాలి. ఫైలు మూసేస్తారు."

"పిల్లనేం చేస్తారండి?"

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. "వెనకబడ్డ పిల్లలకి ఆదివారాల్లో వంకాయ పునశ్చరణ తరగతులున్నాయి. మండల కేంద్రంలో. మార్చి దాకా."

"గురుకులం పరీక్ష ఆదివారమేనండి."

"తెలుసమ్మా."

ఆ సాయంత్రం మంగవేణి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి సంజాయిషీ రాయడానికి కూర్చుంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంది. నిజమే, 'మందబుద్ధి' అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. పద్దెనిమిదేళ్ళలో ఆమె తిట్టిన పిల్లలున్నారు, కొట్టి తరవాత బాధపడ్డ పిల్లలున్నారు. వచ్చిన పిల్లని రాలేదని మాత్రం ఎన్నడూ రాయలేదు. అది రాస్తే ఇక తన దగ్గర మిగిలే పనేమీ లేదనిపించింది. పేజీకి పైన 'అయ్యా' అని రాసి, కింద ఇలా రాసింది: 'ఢిల్లీశ్వరికి ఏడు ఎనిమిదులు ఎంతో నేనే నేర్పాను. వంకాయలు కలపకుండా నేర్పాను. మిగతా పద్దెనిమిది మందికి కూడా నేర్పాను. ఇట్లు, కె. మంగవేణి.'

కాగితం పట్టుకుని మండల కార్యాలయానికి వెళితే, గుమస్తా జోగారావు చదివి నోరు తెరిచాడు.

"ఇది ఇలాగే పంపమంటారా మేడం?"

"ఇలాగే."

"పంపడానికి నాకేం అభ్యంతరం లేదండి. కాగితాలు తీసుకోవడం మానేశాం. ఆన్‌లైన్లో ఎక్కించాలి." జోగారావు కంప్యూటరు ముందుకి జరిగి టైపు చేశాడు. బటను నొక్కగానే తెర మీద ఎర్ర గీత వచ్చింది. "చూశారా. 'బోధించిన అంశం' అనే గడి నింపకపోతే తీసుకోదు."

"అంశం లేకుండా చెప్పానని కదా రాసింది?"

"లేకుండా అంటే దానికి అర్థం కాదండి. ఏదో ఒకటి ఉండాలి. వంకాయ అని పెట్టెయ్యనా?"

"వద్దు. వంకాయ కాదు."

"మరేం పెట్టను? పిల్లలు దాన్ని ఏమంటారు?"

మంగవేణి నీరసంగా చెప్పింది. "ఒట్టి లెక్కలంటారు."

జోగారావు 'ఒట్టి' అని కొట్టి బటను నొక్కాడు. ఎర్ర గీత పోయింది. పచ్చరంగు టిక్కు వచ్చింది. "ఒప్పుకుంది మేడం!" అన్నాడు, తానే ఏదో పరీక్ష పాసైనంత సంబరంగా.

తరవాత రెండు నెలలు ఏ కబురూ లేదు. ఫిబ్రవరి చివరి ఆదివారం అప్పలసూరి కూతుర్ని సైకిలు మీద పరీక్షకి తీసుకెళ్ళాడు. జమ్మివలస నుంచి మొత్తం ఆరుగురు రాశారు. బయటికి వచ్చాక, "ఎలగుందే?" అని అడిగాడట. "మొత్తం ఒట్టివే నాన్నా. అన్నీ సేసేసినాను," అందట ఢిల్లీశ్వరి.

ఏప్రిల్లో ఫలితాలు వచ్చాయి. ఆరుగురిలో నలుగురికి సీట్లు. అప్పలసూరి బడికి వచ్చి, సంచి టీచరు బల్ల మీద పెట్టాడు.

"బెండకాయలండి," అన్నాడు. "వంకాయలైతే మీరు తిట్టుకుంటారని తేలేదు."

ఆ మాటకి వచ్చిన నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే జిల్లా కార్యాలయానికి వెంటనే రావలసిందిగా మంగవేణికి ఫోను వచ్చింది. సస్పెన్షను కాగితం చేతికే ఇస్తారని తవిటినాయుడు గారికి నమ్మకం. బస్టాండు దాకా తోడు వెళ్ళాడు. దారిలో నాలుగుసార్లు, "తప్పు నాది కూడా అని చెప్పమ్మా," అన్నాడు.

చిదానందం గారి గదిలో గోడ నిండా తెర. తెర మీద రంగురంగుల కడ్డీలు. ఆయన కూర్చోమనలేదు. లేచి ఎదురొచ్చాడు.

"ఇది చూడండమ్మా. ఏ అంశం బోధించిన బడిలో ఎంతమందికి గురుకుల సీట్లు వచ్చాయో కంప్యూటరు తీసింది. వంకాయ సున్నా. గొడుగు సున్నా. నిశ్శబ్దం సున్నా. సముద్రం ఒకటి. ఇక్కడ చూడండి! ఒట్టి, నాలుగు! ఒక్క బడిలోనే నాలుగు! మా అంశాల జాబితాలో ఇది లేనే లేదు. మీరే కనుగొన్నారని రికార్డు చెబుతోంది. ఏమిటమ్మా ఈ ఒట్టి?"

"ఏమీ లేదండి," అంది మంగవేణి. " పుస్తకంలో ఉన్న పాఠం ఉన్నట్టు చెప్పడం. రాకపోతే మళ్ళీ చెప్పడం. అంతేనండి."

"ఉన్నది ఉన్నట్టు!" చిదానందం గారు కళ్ళు మూసుకున్నాడు. "ఇంతవరకు ఈ కోణంలో ఎవరూ ఆలోచించలేదు."

"సార్, మరి ఆ మెమో..."

"మెమోయా? కొత్త విధానాన్ని ఆవిష్కరించినవారికి మెమో ఏమిటమ్మా!" ఆయన అప్పటికే చేతిలో నల్లకలం పట్టుకుని ఉన్నాడు.

జూన్‌లో బళ్ళు తెరిచేసరికి సర్క్యులర్ సిద్ధంగా ఉంది. ఈసారి కంప్యూటరు కేటాయింపులు లేవు. జిల్లా మొత్తానికి ఒకటే అంశం. 'ఒట్టి.' ఉపాధ్యాయులకు మూడు రోజుల శిక్షణ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుట ఎట్లు అన్న దాని మీద. తల్లిదండ్రులకు కరపత్రం. ఢిల్లీశ్వరి అప్పటికి గురుకులంలో చేరిపోయింది. తవిటినాయుడు గారు సర్క్యులర్ మొదటి మూడు పేజీలు చదివి, ఎన్నో ఏళ్ళ తరవాత అర్థమైన సర్క్యులర్ ఇదేనన్నాడు. నాలుగో పేజీ చదివి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

'బోధన సమయమున ఒట్టి అంశమునకు భిన్నముగా పండ్లు, కూరగాయలు, గొడుగులు, తదితర వస్తువులు ఏవేని తరగతి గదిలో కనుగొనబడినచో సంబంధిత ఉపాధ్యాయులు బాధ్యులగుదురు.'

రెండో వారంలో మంగవేణి కొత్త ఐదో తరగతికి భిన్నాలు మొదలుపెట్టింది. బోర్డు మీద ఒకటి బై నాలుగు అని రాసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. ముందు వరసలో ఉన్న చిన్న పిల్ల, జడకి రిబ్బను ఊడిపోయినా చూసుకోకుండా, ఆ రెండు అంకెల్నీ మధ్య గీతనీ చూస్తూ ఏడుపు మొహం పెట్టింది.

"ఒకటి కింద నాలుగెందుకున్నాది టీచర్? నాలుగే గదా పెద్దది?"

మంగవేణి భోజనం సంచిలో జామకాయ ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్ళి ఆగింది. గుమ్మం వైపు చూసింది. వరండాలో తవిటినాయుడు గారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. బోర్డు చూశాడు, ఏడుపు మొహం పిల్లని చూశాడు, సంచిలో ఉన్న ఆమె చేతిని చూశాడు.

తరవాత గది తలుపు బయటి నుంచి దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

మంగవేణి జామకాయ తీసి బల్ల మీద పెట్టి, చాకుతో నిలువుగా ఒక కోత, అడ్డంగా ఒక కోత కోసింది.

"ఇలా దగ్గరికి రా," అంది ఆ పిల్లతో. "ఒకటి నువ్వు తీసుకో."